పచ్చికర్ర తలుపు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్త బస్సెక్కి పట్నం వెళ్ళాలి, భర్త బావిలోకి దిగాలి, కూతురు బడికి పోవాలి. ఆ తరువాత తను తలుపు వేసుకుని కాసేపు కూర్చోవాలి. కూర్చుని ఏం చేయాలన్నది పథకంలో లేదు. ఏమీ చేయకపోవడమే పథకం. కాని ఆ మాట ఆమె తనతో తాను కూడా పైకి అనుకోలేదు. ఊరికే ఉండాలని కోరుకోవడం ఆ ఇంట్లో దొంగతనం కన్నా పెద్ద తప్పు.

తలుపు కొత్తది. అంతకుముందు ఆ గుమ్మానికి గోనెసంచులు కలిపి కుట్టిన పరదా ఉండేది. దాన్ని తీయడం, వేయడం ఇంట్లోవాళ్ళ చేతుల్లో లేదు. గాలి తీసేది, గాలే వేసేది. కుక్క తల దూర్చేది, మేక సగం దూరేది, పక్కింటి పిన్ని మొత్తం దూరేది. ఆ ఒంటిగది ఇంట్లో, కిటికీ అయినా లేని ఆ మట్టిగోడల మధ్య, కోడలు కాపురానికి వచ్చిన రోజు నుంచి ఎవరో ఒకరి కంటి ముందే బతికింది.

తలుపు సాయం డబ్బుతో వచ్చింది. కిందటి ఎండాకాలంలో సాయం ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చి, ఇంటింటికీ నేరుగా డబ్బు ఇస్తారనీ, అది ఫోనులో పడుతుందనీ చెప్పింది.

“దేనికండీ?” అని అడిగాడు ఇంటాయన. అతను బావుల్లో పూడిక తీసేవాడు. ఊరంతా బావులవాడు అనే పిలుస్తారు.

“మీ ఇష్టం,” అంది ఆ అమ్మాయి.

“ఇష్టం అంటే?”

“మీకు ఏది అవసరమనిపిస్తే అది.”

“మళ్ళీ ఎప్పుడు కట్టాలి?”

“కట్టక్కర్లేదండీ.”

“పనేమన్నా చేసిపెట్టాలా?”

“అక్కర్లేదు.”

“మీరు దేవతలని నలుగురిలో చెప్పాలా?”

“అస్సలు వద్దండీ. మీ ఇష్టం, అంతే.”

ఆ పూట బావులవాడు అన్నం తినలేదు. నీళ్ళున్న బావి, ఎండిన బావి, పాములున్న బావి అన్నీ అతను దిగినవే. అడుగు కనపడని బావి ఇదే మొదలు. డబ్బు నిజంగానే ఫోనులో పడిన రోజున పెద్దవాళ్ళు ముగ్గురూ ఆ ఫోనును మధ్యలో పెట్టుకుని, నిద్రపోతున్న పసిపిల్ల చుట్టూ కూర్చున్నట్టు కూర్చున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆకలి ఏమిటో వాళ్ళకు తెలుసు, అవసరం ఏమిటో తెలుసు, అప్పు సంగతి చెప్పక్కర్లేదు. ఇష్టం ఏమిటో మాత్రం ముగ్గురిలో ఎవరికీ తెలియదు. వాడని కత్తి తుప్పుపట్టినట్టు అది లోపలెక్కడో తుప్పుపట్టి ఉంది.

మెల్లగా ఒకొక్కటీ బయటికి వచ్చాయి. గిన్నెలో అన్నం సాయంత్రానికి కూడా మిగలడం మొదలైంది. కోతల రోజుల్లో బడి మానే అలవాటును కూతురు మానుకుంది. బావులవాడు తన ప్రాణం వేలాడే పాత తాడును పారేసి కొత్త తాడు కొన్నాడు. అంతకన్నా పెద్ద వింత ఇంకొకటి జరిగింది. విషపుగాలి ఉందని పేరుపడ్డ ఒక బావిని, జీవితంలో మొదటిసారి, దిగనని చెప్పి వచ్చేశాడు. ఇంటికొచ్చి తప్పు చేసినవాడిలా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. “ఏమైంది?” అని భార్య అడిగితే, “వద్దన్నాను,” అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఇంకా వెతుక్కుంటున్నట్టు అన్నాడు.

చివరికి మిగిలినదానితో అత్త మేకను కొందామంది. కోడలు తలుపు పెట్టిద్దామంది.

“తలుపా?” అంది అత్త. “తలుపు పాలిస్తుందా? ఈనుతుందా?”

“చలిగాలి వస్తోంది అత్తా.”

“ఇన్నాళ్ళూ రాలేదా చలిగాలి? ఇవాళే పుట్టిందా?”

“కుక్కలు కూడా...”

“కుక్కలు నిన్నేమన్నా అన్నాయా?”

కోడలు తల దించుకుంది కాని మాట వెనక్కి తీసుకోలేదు. అదీ ఒక వింతే. ఆ మొండితనానికి అత్తే తడబడి ఒక ఒప్పందానికి వచ్చింది. “సరే, పెట్టించు. ఆ తలుపు వల్ల ఒక్క గొడవ, ఒకే ఒక్క గొడవ వచ్చిందంటే దాన్ని వడ్రంగికే తిరిగిచ్చి మేకను తోలుకొస్తా. నలుగురి ముందూ చెబుతున్నా.” కొలతలకు వచ్చిన వడ్రంగి సరేనన్నాడు. బావులవాడు అమ్మనూ చూశాడు, భార్యనూ చూశాడు, పైకప్పునూ చూసి తలూపాడు.

తలుపు బిగిస్తూ వడ్రంగి కొంచెం నసిగాడు. “కొన్నాళ్ళు గట్టిగా వెయ్యకమ్మా. పచ్చికర్ర. ఎండింది దొరకలేదు. చెమ్మ తగిలితే ఒళ్ళు చేస్తుంది, ఎండ తగిలితే మళ్ళీ తగ్గుతుంది.” కోడలు ఆ మాట వినలేదు. అప్పటికే ఆమె అరచేత్తో ఆ పలకల్ని నిమురుతోంది.

ఇంతకీ ఆ ఉదయం. అత్త కోడికూత కన్నా ముందే లేచి, కళ్ళు మసకగా ఉన్నాయి, కళ్ళద్దాలు చేయించుకొస్తానని మొదటి బస్సుకు వెళ్ళిపోయింది. బావులవాడు కొత్త తాడు భుజాన వేసుకుని వెళ్ళాడు. కూతురు వెళ్ళింది. కోడలు పళ్ళేలు కడిగి బోర్లించి, వీధి అటూ ఇటూ చూసి, లోపలికి వచ్చి తలుపు నెట్టింది. ముందురోజు సాయంత్రం జల్లు పడింది. తలుపు సగంలో ఆగింది. భుజం ఆనించి నెట్టింది. తలుపు ఒక మూలుగు మూలిగి, లావుపాటి మనిషి కుర్చీలో కూరుకున్నట్టు గుమ్మంలో కూర్చుంది.

వీధి ఉన్నట్టుండి దూరమైంది, ఎవరో ఎత్తుకెళ్ళి పక్క ఊళ్ళో దింపినట్టు. పలకల సందుల్లోంచి సన్నటి వెలుగు గీతలు నేల మీద పడ్డాయి. కోడలు కదలకుండా నిలబడింది. ఏదో శబ్దం వినపడుతోంది. ఎలుకేమో అనుకుంది. కాదు, తన ఊపిరే. ఇన్నేళ్ళుగా తనలో ఇది ఇలా నడుస్తూనే ఉందా అని ఆశ్చర్యపోయింది.

ఆ తరువాత ఆమె ముఖం విడిపోయింది. కనుబొమలు కొంచెం ఎత్తి, పెదవులు కొంచెం బిగించి, ‘ఇదిగో వస్తున్నా’ అన్నట్టు ఆమె ఇన్నేళ్ళూ ఒక ముఖం పెట్టుకుని ఉంది. అది పెట్టుకున్నదని ఆమెకే తెలియదు. చూసేవాళ్ళు లేకపోయేసరికి అది మూట ముడి జారినట్టు జారిపోయింది. బుగ్గలు బరువుగా కిందికి దిగాయి. వాటికి అంత అలసట ఉందని ఆమె ఎన్నడూ ఊహించలేదు. గోడకు చేరగిలపడి కూర్చుంది. వెలుగు గీతల్లో తేలుతున్న దుమ్మును చూసింది. పరదా ఉన్నన్నాళ్ళూ ఆమె ఒక్క చెవితోనే నిద్రపోయేది. రెండో చెవి గుమ్మం దగ్గర కాపలా ఉండేది. ఆ రోజు రెండు చెవులూ కలిసి నిద్రపోయాయి.

పక్కింటి పిన్నికి ఆ వీధి పెట్టిన పేరు ముందేతెలుసు పిన్ని. ఏం జరిగినా, జరిగాక, అది తనకు ముందే తెలుసంటుంది. ఆ ఉదయం మాత్రం ఆమెకు ఏమీ తెలియలేదు, అదే ఆమెను కలవరపెట్టింది. రోజూ నీళ్ళ పంపు దగ్గర అత్త గొంతు వినపడితేనే ఆ వీధికి తెల్లవారినట్టు. ఇవాళ గొంతు లేదు. రాత్రి దగ్గు మాత్రం వినపడింది. చూస్తే తలుపు వేసి ఉంది. ఆ వీధిలో తలుపులున్న ఇళ్ళవాళ్ళు కూడా పగలు తలుపు వేయరు. పగలు వేశారంటే లోపల పోయినవాళ్ళకు స్నానం చేయిస్తున్నారని అర్థం.

పిన్ని గుమ్మం దగ్గరికి వచ్చింది. తలుపు తట్టాలని ఆమెకు తోచలేదు. ఆ గుమ్మాన్ని తట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. అలవాటు కొద్దీ పరదా అంచు కోసం చెయ్యి చాచింది, వేళ్ళకు కర్ర తగిలింది. “ఏమే కోడలు పిల్లా!” అని పిలిచింది. జవాబు లేదు. సందుకు కన్ను ఆనించింది. చీకట్లో గోడవారన ఒక కాలు కనపడింది. కదలని కాలు.

పిన్ని వెనక్కి తిరిగి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. “అయ్యో, పెద్దావిడ పోయింది! రాత్రి ఆ దగ్గు వినగానే అనుకున్నాను, నాకు ముందే తెలుసు!”

వీధి ఖాళీ కావడానికి, ఆ ఇంటి ముందు నిండడానికి ఎంతోసేపు పట్టలేదు. టీ కొట్టువాడు సైకిలేసుకుని బావి దగ్గరికి దూసుకుపోయాడు. ఎవరో వడ్రంగికి కబురు పెట్టారు. పెద్దావిడను మోసుకెళ్ళడానికి పలకలు కావాలి కదా. తలుపు చేయగా మిగిలిన పలకలు వడ్రంగి దగ్గర ఉన్నాయి. అవి మోసుకుంటూ వచ్చి, “పొడుగెంత ఉంటుంది?” అని గుసగుసగా అడిగాడు.

“ఆవిడ గొంతు పొడుగు కాని, మనిషి నీ భుజం దాకా ఉంటుంది,” అంది పిన్ని, ముక్కు చీదుతూ.

సరిగ్గా అప్పుడే సాయం ఆఫీసు అమ్మాయి వీధి మలుపు తిరిగింది. డబ్బు అందాక ఇళ్ళు ఎలా ఉన్నాయో చూసి రావడం ఆమె ఉద్యోగం. చేతిలో గొడుగు, భుజాన సంచి, ముఖాన చిరునవ్వు. జనాన్ని చూసి చిరునవ్వు ఇంకొంచెం పెద్దది చేసింది, తన కోసమే వచ్చారనుకుని.

“ఏమైందండీ?” అని పిన్నిని అడిగింది.

“ఏమవుతుందమ్మా! మీరు డబ్బిచ్చారు. వాళ్ళు తలుపు కొన్నారు. తలుపు వేశారు. మనిషి పోయింది.”

ఆ నాలుగు ముక్కలూ ఆ వరుసలో వినగానే అమ్మాయి చిరునవ్వు మాయమైంది. ఆమె చదువుకున్న పాఠాల్లో డబ్బు తాగుడుకు పోవచ్చునని ఉంది, జూదానికి పోవచ్చునని ఉంది. తలుపు ప్రాణం తీయవచ్చునని ఎక్కడా లేదు. పక్కకు వెళ్ళి ఆఫీసుకు ఫోన్ చేసింది. “సార్, ఇక్కడ మన సాయం వల్ల... ఒక ఫలితం వచ్చినట్టుంది సార్.”

“మంచిదా, చెడ్డదా?”

“ఇంకా లోపలే ఉంది సార్.”

ఈ గోలకు కోడలికి మెలకువ వచ్చింది. మొదట తను ఎక్కడుందో తెలియలేదు. ఎక్కడుందో తెలియకుండా నిద్రలేవడం కూడా ఆమెకు కొత్తే. హాయిగా ఉండి, కాసేపు అలాగే ఉండిపోయింది. తరువాత బయటి ఏడుపు వినపడింది. “పెద్దావిడ వెళ్ళిపోయిందే! ఇంక పంపు దగ్గర మమ్మల్ని తిట్టేదెవరే!”

కోడలు నిటారుగా కూర్చుంది. అత్త పొద్దున బస్సెక్కింది. బస్సుకు ఏదో అయింది. లేచి తలుపు లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. కొండను లాగినట్టుంది. అక్కడే గుమ్మం ముందు కూలబడి బావురుమంది.

ఆ ఏడుపు బయట వినపడింది. “విన్నారా?” అంది పిన్ని గర్వంగా. “కోడలు పిల్ల ఏడుస్తోంది. నేను చెబితే నమ్మలేదు కొందరు.” ఇంక అనుమానం లేదు. అప్పటిదాకా మర్యాద కోసం ఏడుస్తున్నవాళ్ళు మనస్ఫూర్తిగా ఏడవడం మొదలుపెట్టారు. వడ్రంగి పలకల్ని పక్కపక్కన పేర్చాడు.

లోపల కోడలు మాట్లాడుతోంది. ఎవరితోనో కాదు, పోయిన అత్తతో. తలుపు అడ్డంగా ఉన్నందువల్లనేమో, బతికుండగా గొంతు దాటి రాని మాటలు ఒకొక్కటీ లేచి వస్తున్నాయి.

“అత్తా, కాపురానికి వచ్చిన కొత్తలో నాకు జ్వరమొస్తే, నీ చీర చింపి తడిగుడ్డ వేశావు. నీకున్నది అదొక్కటే. అడిగితే ఎలుక కొరికిందన్నావు. నాకు తెలుసు అత్తా, మనింట్లో ఎలుకలకు తినడానికే ఏమీ లేదు, చీరలు కొరికే ఓపిక ఎక్కడిది!”

బయట ఆడవాళ్ళు ఏడుపు ఆపి తలుపు దగ్గరికి జరిగారు.

“అన్నం మాడిందని నన్ను ఊరంతా వినేలా తిట్టేదానివి. తిట్టి, ఆ మాడంతా నువ్వే తినేదానివి. నాకు మాడంటే ఇష్టమే అనేదానివి. ఎవరికి ఇష్టం అత్తా మాడు!”

సరిగ్గా ఈ మాట దగ్గర అత్త వీధిలోకి వచ్చింది.

బస్సు దిగి, చేతులూపుకుంటూ వచ్చింది. ఇంటి ముందు జనాన్ని చూసి గబగబా అడుగులేసింది. బావి, కొడుకు, తాడు అనుకుంది. తరువాత కోడలి గొంతు చెవిన పడింది, ‘అత్తా’ అనే పిలుపు చెవిన పడింది. మెల్లగా అర్థమైంది. జనమంతా తలుపువైపే చూస్తున్నారు. వెనక నిలబడ్డ ఆమెను ఎవరూ చూడలేదు. పిన్ని ఒక్కతే ఎందుకో తల తిప్పింది. నోరు తెరిచింది. అరుపు బయటికి రాకముందే అత్త ఆమె నోరు అరచేత్తో మూసింది.

“ఉష్! విననీ!”

మనిషి తన గురించి ఇతరులు ఏమనుకుంటారో తెలుసుకోవాలని జీవితమంతా చెవులు రిక్కించి, చివరికి తెలియకుండానే వెళ్ళిపోతుంది. అత్తకు ఆ పలకల పక్కన నిలబడి వినే అవకాశం వచ్చింది. ఆమె దాన్ని వదులుకునే రకం కాదు. ఒకొక్కరుగా అందరూ ఆమెను చూశారు. టీ కొట్టు ఇల్లాలు స్పృహ తప్పబోయి, తప్పితే మిగతాది వినలేనని తమాయించుకుంది. అత్త కళ్ళతోనే అందరినీ కూర్చోబెట్టింది.

“కాని అత్తా, ఒక్క మాట చెప్పాలి,” అంది తలుపు వెనక గొంతు. “నువ్వు పోయాక ఇంక దాచి ఏం లాభం. తలుపు చలికని చెప్పాను, కుక్కలకని చెప్పాను. అబద్ధం అత్తా. నీ గొంతు వినపడకుండా కాసేపు ఉందామని. ఒక్క కాసేపు. నువ్వు పోవాలని కాదు, నువ్వు కొంచెం అవతల ఉంటే చాలనుకున్నాను.”

పిన్ని పెదవులు ‘ముందే తెలుసు’ అన్నట్టు కదిలాయి కాని శబ్దం రాలేదు. అత్త ముఖంలో ఏ మార్పూ లేదు. ఆమె తలుపు దగ్గరికి నడిచి, పలకకు నోరు ఆనించింది.

“ఏమే.”

లోపల ఏడుపు టక్కున ఆగింది. తరువాత సన్నగా, భయంగా, కొంచెం విసుగ్గా వచ్చింది జవాబు:

“చచ్చినా వదలవా అత్తా!”

ముందు నవ్విందెవరో తెలియదు. వడ్రంగి అని కొందరు, పిన్ని అని కొందరు అంటారు. ఏడ్చి ఏడ్చి ఉన్న జనం నవ్వు మొదలుపెడితే అది ఆగదు. అత్త మాత్రం నవ్వలేదు. ఆమె చూపు పలకల మీద పడింది.

“ఇవి దేనికి?”

వడ్రంగి నీళ్ళు నమిలాడు. “అది... మీ కోసమే పెద్దమ్మా.”

“నా కోసమా? ఇంత పొట్టిగానా? ఎవరు చెప్పారు నీకు నా పొడుగు?”

ఇంతలో వీధి చివర నుంచి ఒక మట్టిబొమ్మ పరుగెత్తుకొచ్చింది. బావులవాడు. మెడదాకా బురద, చేతిలో గునపం. అమ్మ పోయిందన్న కబురు బావి అడుగున విన్నాడు, పైకి లాగగానే, ఆమె పొద్దున బస్సెక్కిందన్నది కూడా గుర్తులేక, ఇంటి దాకా ఆగలేదు. బురదలోంచి కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ఆ కళ్ళకు మూసిన తలుపు తప్ప ఏమీ ఆనలేదు.

“అమ్మా!” అని అరుస్తూ గునపం ఎత్తి తలుపు మీదికి వెళ్ళాడు.

అత్త తలుపుకు వీపు ఆనించి, చేతులు చాచి నిలబడింది. “ఒరేయ్! తలుపు మీద దెబ్బ పడిందో, నీ నడుం విరగ్గొడతా!”

బావులవాడు ఆగిపోయాడు. ఎత్తిన గునపం ఎత్తినట్టే ఉంది. పోయిన అమ్మ ఎదురుగా నిలబడి తిడుతోంది. అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. “అమ్మా, నువ్వు...” అన్నాడు. తరువాత ఏమనాలో తెలియక, “తలుపు వల్ల గొడవ వచ్చింది కదా. తీసేసి మేకను తెచ్చుకుందామన్నావు కదా,” అన్నాడు.

లోపల కోడలు ఆ మాట విన్నది. ఒప్పందం ఆమెకూ గుర్తుంది. నలుగురి ముందూ అన్న మాట. ఆ నలుగురికి నలభై మంది ఇప్పుడు ఇంటి ముందున్నారు. ఇంతకన్నా గొడవ ఇంకేముంటుంది? ఆమె చెయ్యి దానంతటదే పలకను పట్టుకుంది.

“ఏం గొడవ?” అంది అత్త. “ఎక్కడుంది గొడవ? నాకేమీ కనపడదు. నావి మసక కళ్ళు.”

అప్పుడు బావులవాడికి గుర్తొచ్చింది. “అవునమ్మా, కళ్ళద్దాలకని పోయావు కదా. ఏవి కళ్ళద్దాలు?”

అత్త వడ్రంగివైపు తిరిగింది. తలుపు ఎలా తీయాలని అడిగింది. అతను చెవి గోక్కుంటూ, తప్పు పచ్చికర్రదీ తనదీ అని, ఇప్పుడు కదిలిస్తే పలకలు చీలిపోతాయని, పొద్దు ఇటు తిరిగి ఎండ మీద పడితే దానంతటదే వదులుతుందని చెప్పాడు. అందరూ ఆకాశంవైపు చూశారు. మబ్బు విడుతోంది. సరే, ఎండ కోసం ఎదురుచూడాలి. వడ్రంగి తెచ్చిన పలకల్ని ఇటుకల మీద పెడితే బల్ల అయింది. అత్త తన పలకల మీద తానే కూర్చుంది. వీధిలో ఆడవాళ్ళు కూడా సర్దుకుని పక్కన కూర్చున్నారు.

చాలాసేపయ్యాక, తలుపు వెనక నుంచి వచ్చింది ప్రశ్న: “కళ్ళద్దాలు నిజంగా తెచ్చుకోలేదా అత్తా?”

“లేదు.”

“డబ్బు చాలలేదా?”

“చాలింది.” అత్త తన అరచేతుల్ని చూసుకుంది. “నేను కళ్ళ దుకాణానికి పోలేదు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పట్నం వచ్చింది. అందరూ దిగారు. నాకు దిగబుద్ధి కాలేదు. కండక్టరు, ఎక్కడికి పెద్దమ్మా అన్నాడు. ఇది ఎక్కడిదాకా పోతుందంటే, చివరిదాకా అన్నాడు. చివరిదాకా ఇవ్వమన్నాను. చివరిదాకా పోయి, అదే బస్సులో వెనక్కొచ్చాను.”

“అక్కడ పనేమిటే నీకు?” అంది పిన్ని.

“పనేం లేదు. చేతిలో సంచి లేదు, నెత్తిన మూట లేదు, ఒళ్ళో పిల్ల లేదు. గాలి కొడుతూ ఉంది. ఎవరూ నన్ను పిలవలేదు. నేనూ ఎవర్నీ తిట్టలేదు.” తలుపువైపు తిరగకుండానే అంది: “కొంచెం అవతల ఉందామనిపించింది. నువ్వొక్కదానివే అనుకున్నావా?”

ఆ బల్ల మీద కూర్చున్న ప్రతి ఆడమనిషీ, తన లోపల ఎక్కడో, దిగాల్సిన చోట దిగకుండా ఆ బస్సులోనే ఉండిపోయింది. పిన్ని చూపు కూడా చాలా దూరంలో ఉంది. ఈ సంగతి తనకు ముందే తెలుసని ఆమె అనలేదు.

సాయం ఆఫీసు అమ్మాయి గొడుగు మడిచి, నిలబడ్డ చోటనే నిలబడి ఉంది. ఇలాంటివి ఫారంలో ఏ గడిలో రాయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఎండ తలుపు మీద పడింది. తడి ఆరుతున్న పలకల నుంచి పచ్చికర్ర వాసన లేచింది, అడవి నుంచి ఎవరో పిలిచినట్టు. వీధి మొత్తం ఒక తలుపును చూస్తూ కూర్చుంది. కర్ర లోపల చిన్నగా చిటుక్కుమంది. మరోసారి చిటుక్కుమంది. తరువాత, ఎవరి చెయ్యీ పడకుండా, తలుపు ఒక నిట్టూర్పు విడిచి వేలెడంత తెరుచుకుంది. ఎందుకో అందరూ లేచి నిలబడ్డారు.

గుమ్మంలో కోడలు కనపడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, జుట్టు రేగి ఉంది. కాని వీధి ఆశ్చర్యపోయింది అందుకు కాదు. జారిపోయిన ముఖాన్ని మళ్ళీ పెట్టుకోవడం ఆమె మరిచిపోయింది. ఒక క్షణం ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు. అత్త దగ్గరికి వెళ్ళి, మసక కళ్ళు చిట్లించి చూసింది.

“ఇదా నీ మొహం?” అంది. “బాగానే ఉందే.”

కోడలు తల దించుకోబోయి, ఎందుకో దించలేదు. “మేక సంగతి ఏమన్నావు అత్తా?”

“మేకేమన్నా తనను తెమ్మని అడిగిందా? జరుగు.” అత్త గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, గోడకు చేరగిలపడి కాళ్ళు బారచాపుకుంది. “తలుపు వెయ్యి.”

“మళ్ళీ బిగుసుకుంటుంది అత్తా.”

“బిగుసుకోనీ. కాసేపు ఇద్దరం మాట్లాడకుండా కూర్చుందాం.”

తలుపు మూలిగింది. మూసుకుంది. వీధిలో ఆడవాళ్ళు ఆ మూసిన తలుపును కాసేపు అలాగే చూసి, ఒకొక్కరే వడ్రంగి చుట్టూ చేరడం మొదలుపెట్టారు. గొంతులు తగ్గించి, ఎండిన కర్ర ఎప్పుడు దొరుకుతుందని అడుగుతున్నారు.

బావులవాడు బయట నేల మీదే కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద బురద ఎండి బీటలు తీస్తోంది. సాయం ఆఫీసు అమ్మాయి అతని పక్కకు వచ్చి, గొంతు సవరించుకుని, తను వచ్చిన పని అడిగింది: “ఏమండీ, ఈ సాయం అందాక మీ జీవితంలో వచ్చిన మార్పు ఏమన్నా చెబుతారా?”

బావులవాడు తలుపువైపు చూశాడు.

“ఇదివరకు నేను ఇంట్లో ఉండేవాణ్ణండీ.”